మాఫీ తర్వాత హవాలాత్

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. పత్రికలో చేరిన కొత్తలో కోర్టు వార్తలు రాసే పని నాకిచ్చారు. పొద్దున్నే మా అబ్బా పేపర్ తెప్పించుకుని, నా వార్త నాతోనే చదివించుకుని, మధ్యలో ఆపి నవ్వేవారు. "ముద్దాయిని జైలుకు పంపారని రాశావు. ముద్దయి అంటే దావా వేసినోడు కదరా! దావా వేసినోణ్ణే లోపలేశారా?" నిజమే. ఉర్దూలో ముద్దయి అంటే ఫిర్యాదు చేసినవాడు. తెలుగు కచేరీ మెట్లెక్కేసరికి నిందితుడైపోయాడు. వాదా సంగతీ అంతే. ఉర్దూలో వాదా అంటే ఇచ్చిన మాట. తెలుగులో వాయిదా అంటే ఇంకో తారీఖుకు పోవడం.

ఇవన్నీ నవ్వుకోవడానికి చెప్పేవారు. ఒక ఫరక్ మాత్రం నవ్వకుండా చెప్పేవారు. ముల్జిమ్ వేరు, ముజ్రిమ్ వేరు. ఇల్జామ్ పడ్డవాడు ముల్జిమ్. జుర్మ్ సాబిత్ అయినవాడు ముజ్రిమ్. రెంటికీ మధ్య విచారణ అనే దర్వాజా ఉంది. అది దాటించకుండా మనిషిని అటు పక్కకు తోసేయకూడదు.

ఈ ఫరక్ నాకు మాటల్లో బాగా తెలుసు. పరీక్ష వచ్చిన రోజున నేనే తప్పాను.

సుమారు ఇరవై ఏళ్ల కిందటి ముచ్చట. మా మొహల్లాలో ఒక ఖాలా కొడుకు రాగి తీగ దొంగతనం కేసులో దొరికాడు. పందొమ్మిదేళ్లవాడు. మొదటి తప్పు, తప్పు ఒప్పుకున్నాడు. జడ్జి జైలుకు పంపకుండా ముచల్కా రాయించుకుని వదిలారు. రెండేళ్లు నేక్ చలన్‌తో ఉండాలి, నెలనెలా ప్రొబేషన్ ఆఫీసర్ దగ్గర హాజరు వేయించుకోవాలి. ఆరు నెలలు సక్రమంగా వెళ్లాడు. తర్వాత హైదరాబాద్‌లో ఒక హోటల్లో పని దొరికింది. రాను పోను చార్జీలు, పోయిన రోజు కూలీ లెక్కేసుకుని మూడు నెలలు గైర్‌హాజర్ అయ్యాడు. వారంటు వచ్చింది. హోటల్ నుంచే పట్టుకుపోయారు.

ఆ సాయంత్రం ఖాలా మా గడపలో కూర్చుంది. "మాఫ్ కర్‌దియే బోలే థే నా బాబా, ఫిర్ కైకు పకడ్కే లేగయే?" మాఫీ ఇచ్చామన్నారు కదా, మళ్లీ ఎందుకు పట్టుకుపోయారు అని. నేను కోర్టు విలేకరిని కదా, అన్నీ తెలిసినట్టు చెప్పాను. "ఖాలా, ముచల్కా తెగింది. ఇక సజా ఖాయం. వకీల్‌కు పైసలు పెట్టినా ఫాయిదా లేదు." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. ఆ మాట చెప్పే ముందు నేను చట్టం పుస్తకం తెరిచి చూడలేదు.

ఆమె అడిగిన సవాలు చిన్నది కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దాని వెనక 180 ఏళ్ల చరిత్ర ఉంది. అది మొదలైంది అమెరికాలో, బోస్టన్ నగరంలో, ఒక చెప్పులు కుట్టే మనిషి దగ్గర.

ఆయన పేరు జాన్ అగస్టస్. 1841 ఆగస్టులో ఒక పొద్దున బోస్టన్ పోలీసు కోర్టులో కూర్చుని ఉన్నాడు. చినిగిన బట్టలతో ఒక తాగుబోతును తెచ్చి నిలబెట్టారు. ఆ జమానాలో అలాంటివాణ్ణి తిన్నగా దిద్దుబాటు జైలుకు పంపేవారు. అగస్టస్ లేచి "వీడికి నేను జామిన్ ఉంటాను" అన్నాడు. జడ్జి మూడు వారాల గడువిచ్చారు. మూడు వారాల తర్వాత వచ్చిన మనిషిని కోర్టు గుర్తుపట్టలేకపోయింది. తాగుడు మానేశాడు. జైలు తప్పింది. జుర్మానా ఒక్క సెంటు, ఖర్చులతో కలిపి 3 డాలర్ల 76 సెంట్లు.

అగస్టస్ అక్కడితో ఆగలేదు. 1859లో చనిపోయేదాకా 18 ఏళ్లలో 1,946 మందికి జామిన్ నిలబడ్డాడు. పని వెతికిపెట్టేవాడు, ఉండటానికి చోటు చూసేవాడు, పిల్లలైతే బడిలో వేయించేవాడు. మొదటి 1,100 మందిలో ఒక్కరి విషయంలోనే జమానత్ పోయిందని లెక్క చెప్పుకున్నాడు. కోర్టు సిబ్బందికి ఆయనంటే గిట్టేది కాదు. ఒక్కో ఖైదీని జైలుకు చేరిస్తే వాళ్లకు ఫీజు వచ్చేది. ఈయన వల్ల ఆ ఫీజు పోయేది. మనిషి బయట ఉంటే నష్టపోయేవాళ్లు ఆనాడే ఉన్నారన్నమాట.

అగస్టస్ పోయాక ఆ పనిని సర్కారు చేతిలోకి తీసుకుంది. 1878లో మసాచుసెట్స్ చట్టం చేసి బోస్టన్‌లో జీతమిచ్చి ప్రొబేషన్ ఆఫీసర్‌ను పెట్టింది. మొదటి ఆఫీసర్ ఎడ్వర్డ్ సావేజ్, అంతకుముందు ఆ నగర పోలీసు చీఫ్‌గా చేసినవాడు. ఆ చట్టంలోనే ఇంకో మాట చేరింది. షరతు తప్పాడనుకుంటే ఆఫీసర్ పోలీసు చీఫ్ అనుమతితో కొత్త వారంటు లేకుండానే మనిషిని మళ్లీ అరెస్టు చేయొచ్చు. జామిన్ నిలబడ్డ దోస్తు పోయి, ఒక చేత్తో సాయం, ఇంకో చేత్తో బేడీలు పట్టుకున్న అఫ్సర్ వచ్చాడు. ఇంగ్లండ్ 1907లో చేసిన చట్టం ఈ అఫ్సర్ పని సలహా ఇవ్వడం, సాయపడటం, దోస్తీ చేయడం అని రాసింది. రాయడమైతే బాగానే రాసింది. బేడీలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇక్కడే అసలు ఝగ్డా మొదలైంది. ప్రొబేషన్ అనేది ఏమిటి? మెహర్బానీయా, హక్కా?

మెహర్బానీ అయితే, ఇచ్చినవాడు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. కారణం చెప్పక్కర్లేదు, అవతలివాడి మాట వినక్కర్లేదు. అమెరికాలో చాలా ఏళ్లు ఇదే నడిచింది. 1935లో ఎస్కో అనే మనిషి కేసు సుప్రీంకోర్టుకొచ్చింది. అతని ప్రొబేషన్‌ను జడ్జి అతని వెనక రద్దు చేశారు. అరెస్టు చేసి, జడ్జి మొహమైనా చూపించకుండా, తిన్నగా లెవన్‌వర్త్ జైలులో పడేశారు. 1925 నాటి ప్రొబేషన్ చట్టమేమో పట్టుకున్నవాణ్ణి కోర్టు ముందుకు తీసుకురావాలని చెబుతోంది. జస్టిస్ కార్డోజో ఆ చట్టం ప్రకారం ఎస్కో పక్షాన ఫైసలా ఇచ్చారు. ఇల్జామ్‌కు జవాబు చెప్పుకునే మౌకా ఇవ్వాల్సిందే అన్నారు. కానీ అదే తీర్పులో ప్రొబేషన్ ఒక మెహర్బానీ అనీ, ఈ మౌకా చట్టం ఇచ్చిందే గానీ రాజ్యాంగం ఇచ్చింది కాదనీ రాశారు. ఆ ఒక్క మాట పట్టుకుని రాష్ట్రాల కోర్టులు ఇంకో 30 ఏళ్లకు పైగా నడిపించాయి.

ఆ 30 ఏళ్లు ఎట్లా ఉండేవో జెర్రీ మెంపా కేసు చూస్తే తెలుస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రం, స్పోకేన్ పట్టణం, 1959. పదిహేడేళ్ల పిల్లవాడు. ఇంకొకరి కారు అడగకుండా తీసుకుని తిరిగాడని కేసు. ముప్పై రోజులు జైలు, రెండేళ్లు ప్రొబేషన్. నాలుగు నెలలకే ఇంకో ఇంట్లో చోరీ చేశాడని ఇల్జామ్ వచ్చింది. పేషీకి సవతి తండ్రితో వచ్చాడు. వకీల్ లేడు. కావాలా అని అడిగినవాళ్లూ లేరు. చోరీలో ఉన్నావా అంటే అవునన్నాడు. ప్రొబేషన్ ఆఫీసర్ తనకు తెలిసిందేదో చెప్పాడు. ఆయన్ను ఎదురు సవాలు అడిగినవాళ్లు లేరు. పదేళ్ల సజా రాశారు. ఈ కేసు సుప్రీంకోర్టు దాకా ఎక్కడానికి 1967 అయింది. తీర్పు రాసింది ఆ కోర్టులో మొదటి నల్లజాతి జడ్జి థర్గుడ్ మార్షల్. వాయిదా వేసి ఉంచిన సజాను ఖరారు చేసే సమయంలో వకీల్ ఉండాల్సిందే అన్నారు.

అయిదేళ్లకు, 1972లో, మోరిసీ కేసు వచ్చింది. ఇది పెరోల్ కేసు. అమెరికాలో పెరోల్ అంటే మన దగ్గరిలా నాలుగు రోజుల సెలవు కాదు. సజాలో కొంత జైల్లో గడిపాక మిగతాది షరతుల మీద బయట గడపడం. మోరిసీని ఐయోవా రాష్ట్రంలో సొంత ఊళ్లోనే అరెస్టు చేశారు. మారుపేరుతో కారు కొన్నాడని, అడ్రసు సరిగా చెప్పలేదని ఇల్జామ్. వారం రోజుల తర్వాత బోర్డు ఒక కాయితం చదివి పెరోల్ రద్దు చేసింది. మనిషిని పిలవలేదు, అడగలేదు. వంద మైళ్ల దూరంలోని జైలుకు పంపేశారు.

సుప్రీంకోర్టు అప్పుడు మెహర్బానీయా హక్కా అనే బహస్‌నే పక్కన పెట్టింది. షరతుల మీద ఉన్నా ఆజాదీ ఆజాదీయే, దాన్ని లాక్కునే ముందు మనిషిని అడగాలి అంది. చీఫ్ జస్టిస్ బర్గర్ రెండు విచారణలు జరగాలన్నారు. మొదటిది, పట్టుకున్న వెంటనే, పట్టుకున్న చోటికి దగ్గర్లో. ఇల్జామ్‌లో దమ్ముందా లేదా అన్నంతవరకు చూడాలి. చూసేది ఫిర్యాదు చేసిన ఆఫీసరే కాకూడదు. రెండోది పూర్తి విచారణ. ఇల్జామ్ ఏమిటో రాసి ఇవ్వాలి, సబూత్ చూపించాలి, గవాహ్‌లను ఎదుర్కోనివ్వాలి, ఫైసలాకు కారణాలు రాయాలి. మరుసటి ఏడాది, 1973లో, స్కార్పెల్లి అనే అతని కేసులో ఇవే రెండు విచారణలు ప్రొబేషన్‌కూ వర్తిస్తాయని తేల్చారు. బోస్టన్‌లో చెప్పుల అగస్టస్ లేచి నిలబడిన రోజు నుంచి ఇక్కడికి రావడానికి 132 ఏళ్లు పట్టింది.

1983లో ఇంకో దర్వాజా తెరుచుకుంది. జార్జియా రాష్ట్రంలో డానీ బేర్డెన్ అనే అతను. చదవడం రాదు. 500 డాలర్ల జుర్మానా, 250 డాలర్ల నష్టపరిహారం కట్టాలన్న షరతు మీద ప్రొబేషన్ ఇచ్చారు. అమ్మానాన్నల దగ్గర తెచ్చి 200 కట్టాడు. తర్వాత పని పోయింది. ఎంత వెతికినా దొరకలేదు. ఆలస్యమవుతుందని ముందే చెప్పుకున్నాడు కూడా. అయినా ప్రొబేషన్ రద్దు చేసి జైలుకు పంపారు. సుప్రీంకోర్టు అది తప్పంది. ఎగ్గొట్టాడా, కట్టలేకపోయాడా అని ముందు అడగాలి. చేతగానివాణ్ణి గరీబీకి జైల్లో పెట్టడం ఇన్సాఫ్ కాదు.

ఇదంతా చదివితే కథ సుఖాంతమే అనిపిస్తుంది. కాదు. ఈ తీర్పులన్నీ విచారణ ఎట్లా జరగాలో చెప్పాయి. విచారణ జరిగేదాకా మనిషి ఎక్కడ ఉండాలన్న సంగతి చాలా వరకు అలాగే వదిలేశాయి. మోరిసీ తీర్పులోనే రెండో విచారణకు రెండు నెలలు పట్టినా ఎక్కువేమీ కాదని ఉంది. ఫెడరల్ కోర్టుల నియమాల్లో, తాను పారిపోననీ, ఎవరికీ ప్రమాదం కాననీ రుజువు చేసుకునే భారం హవాలాత్‌లో ఉన్నవాడిదే. రోజు కూలీ మీద బతికేవాడికి రెండు నెలలంటే ఏమిటి? పని పోతుంది, కిరాయి ఇల్లు పోతుంది, ఇజ్జత్ పోతుంది. తర్వాత "నీ తప్పేం లేదు, పో" అన్నా అవి తిరిగి రావు.

న్యూయార్క్‌లో కలీఫ్ బ్రౌడర్ అనే పదహారేళ్ల పిల్లవాడి కథ ప్రపంచమంతా విన్నదే. 2010 మేలో ఒక బ్యాగు దొంగిలించాడని పట్టుకున్నారు. నేను చేయలేదన్నాడు, చివరిదాకా ఆ మాట మీదే నిలబడ్డాడు. మొదట 3,000 డాలర్ల జమానత్ అన్నారు. ఇంట్లో అంత లేదు. పైగా అతను అంతకుముందు ఒక దొంగ వ్యాన్ కేసులో ప్రొబేషన్ మీద ఉన్నాడు. కొత్త ఇల్జామ్ పడితే పాత షరతు తప్పినట్టే అని, కొన్నాళ్లకు ఆ జమానత్ కూడా లేకుండా చేశారు. రైకర్స్ ఐలండ్ జైల్లో మూడేళ్లు ఉన్నాడు, అందులో దాదాపు రెండేళ్లు ఒంటరి గదిలో. 2013లో కేసు కొట్టేసి ఇంటికి పంపారు. విచారణ జరగనే లేదు. 2015 జూన్‌లో తన ప్రాణం తనే తీసుకున్నాడు. 22 ఏళ్లు.

పాత కేసులో అతను ముజ్రిమ్ కావచ్చు. కొత్త కేసులో మాత్రం ముల్జిమ్ మాత్రమే. ఆ పాత పేరు చూసే కొత్త దర్వాజా మూసేశారు. ఇవాళ అమెరికాలో సుమారు 30 లక్షల మంది ప్రొబేషన్ మీద ఉన్నారు. ఒక్కొక్కరి తల మీద ఈ కత్తి వేలాడుతూనే ఉంటుంది.

ఇక మన ముల్క్ సంగతి.

మన దగ్గర 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 562వ సెక్షన్లోనే మొదటి తప్పు చేసినవాణ్ణి ముచల్కా మీద వదిలే దారి ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ 1936లో తన ప్రొబేషన్ చట్టం తెచ్చుకుంది. అంటే కోస్తా, రాయలసీమ జిల్లాలకు అప్పుడే వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత దేశమంతటికీ 1958లో ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం వచ్చింది. రతన్‌లాల్ అనే పదహారేళ్ల పిల్లవాడి కేసులో, 1964లో, ఈ చట్టం ఫాయిదా అప్పీలులోనూ ఇవ్వొచ్చని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు రాసింది మన రాజమండ్రి మనిషి, తర్వాత చీఫ్ జస్టిస్ అయిన కోకా సుబ్బారావు గారు. చిన్న వయసులో తప్పు చేసినవాణ్ణి ముదిరిన నేరగాళ్ల మధ్య పడేస్తే వాడు బాగుపడడన్నది ఈ చట్టం వెనకున్న ఆలోచన.

ఈ చట్టంలో తొమ్మిదో సెక్షన్ ఒకటుంది. ఖాలా వచ్చిన సాయంత్రం నేను చదవాల్సింది అదే. చదివింది రెండు నెలల తర్వాత.

అందులో ఏముందో సాదా మాటల్లో చెబుతాను. షరతు తప్పాడని కోర్టుకు నమ్మకం కలిగితే వారంటు ఇవ్వొచ్చు, లేదా సమన్లు పంపి జామిన్‌దారులతో సహా రమ్మనొచ్చు. అంటే మొదటి అడుగే అరెస్టు కావాలని లేదు. కోర్టు ముందుకు వచ్చాక, కేసు తేలేదాకా హవాలాత్‌లో ఉంచొచ్చు, లేదా జామిన్‌దారుతో గానీ లేకుండా గానీ బెయిలు ఇవ్వొచ్చు. విచారణ తర్వాతే, షరతు తప్పాడని తేలితేనే, పాత నేరానికి సజా వేయొచ్చు. మొదటిసారి తప్పితే ముచల్కాను అలాగే కొనసాగించి 50 రూపాయలకు మించని జుర్మానాతో వదలొచ్చు. అవును, 50 రూపాయలు.

ఎనిమిదో సెక్షన్ ప్రకారం ప్రొబేషన్ ఆఫీసర్ దర్ఖాస్తు పెడితే కోర్టు ముచల్కా షరతులు మార్చొచ్చు. పద్నాలుగో సెక్షన్ ఇంకా ముందుకెళ్లింది. అవసరమైతే వీళ్లకు పని దొరికేలా ప్రయత్నించడం ఆఫీసర్ డ్యూటీ అంది. మా ఖాలా కొడుకు పని కోసం వెళ్లే ముచల్కా తప్పాడు. పని చూపించాల్సిన చట్టం కిందే, పని చేస్తుండగా పట్టుకుపోయారు.

అతను 41 రోజులు లోపల ఉన్నాడు. బెయిలు అడగొచ్చని ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసినట్టు నటించిన నేను ఫాయిదా లేదని చెప్పాను. 42వ రోజు పేషీలో జడ్జి ఎందుకు రాలేదని అడిగారు. చెప్పాడు. పది నిమిషాల్లో జుర్మానా వేసి, ముచల్కా కొనసాగించి వదిలేశారు. ఆ పది నిమిషాల కోసం 41 రోజులు. హోటల్లో అతని చోటులో అప్పటికే ఇంకొకణ్ణి పెట్టుకున్నారు. ఖాలా నన్నేమీ అనలేదు. సలామ్ చెబితే జవాబిచ్చేది, అంతే. ఆమె ఇప్పుడు లేదు. మాఫీ అడుగుదామని ఎన్నిసార్లు అనుకున్నానో, అన్నిసార్లూ వాయిదా వేశాను.

అందుకే ఇది చదివే మన కుటుంబాలకు నాలుగు మాటలు. మీ ఇంట్లో, మీ మొహల్లాలో ఎవరైనా ముచల్కా మీద బయట ఉంటే, ఆ కాయితం మీద ఏ షరతులున్నాయో చదివించి వాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి. పని కోసం ఊరు మారాల్సి వస్తే మారకముందే ప్రొబేషన్ ఆఫీసర్‌కు దర్ఖాస్తు రాసివ్వండి, నకలు దాచుకోండి. జబ్బు చేసి హాజరు తప్పితే దవాఖానా చీటీ పారేయకండి. పట్టుకుపోతే మొదటి పేషీలోనే బెయిలు అడిగించండి. వకీల్‌కు పైసలు లేవని ఆగొద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం హవాలాత్‌లో ఉన్న మనిషికి వకీల్‌ను ఉచితంగా ఇవ్వాలి. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ దఫ్తర్ ఉంటుంది. జామిన్‌దారు దొరకకపోతే సొంత ముచల్కా మీద వదలమని అడగొచ్చు. 1979లో బిహార్ ఖైదీల హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు గరీబుల గురించి చెప్పింది అదే.

అన్నింటికంటే ముందు, నాలాగా పుస్తకం తెరవకుండా ఫైసలా చెప్పకండి. "వాడంతే, ఒకసారి దొంగ అయితే ఎప్పటికీ దొంగే" అని మన గల్లీలోనే ముందు తీర్పు వచ్చేస్తుంది. కోర్టు తీర్పు తర్వాత సంగతి. తప్పు చేసి మాఫీ పొందినవాడు మళ్లీ తప్పు చేసి ఉండొచ్చు. చేయకపోయి ఉండొచ్చు. ఏదైనా అడిగితేనే తెలుస్తుంది. అబ్బా చెప్పిన ఆ దర్వాజా రెండోసారి వచ్చినవాడికి కూడా తెరిచే ఉండాలి.